దేవ్ కేటీ ఇవ్వలేదు: ‘అంతరిక్షం’ సినిమాలో మనం చూడని పాఠం

పోయిన సెలవుల్లో కొండాపూర్‌లో మా పెద్దమ్మ కూతురి ఫ్లాట్‌లో నాలుగు రోజులు ఉన్నాను. అక్క రాయదుర్గంలో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తుంది. అప్పుడు నోటీస్ పీరియడ్‌లో ఉంది. పొద్దున లాప్‌టాప్ తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా ఒకటే పని: కేటీ. అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఆరేళ్ళుగా తాను చూసుకున్న మాడ్యూల్‌ని ముగ్గురు కొత్తవాళ్ళకి అప్పజెప్పాలి. చెప్పిందే చెప్తోంది, రికార్డింగ్ పెడుతోంది, మళ్ళీ డాక్యుమెంట్ రాస్తోంది. “వెళ్ళిపోయేదానివి, ఇంత కష్టం ఎందుకే అక్కా?” అంటే, “నేను వెళ్ళాక రాత్రి రెండింటికి ఏదైనా పగిలితే ఈ పిల్లలు ఎవరికి ఫోన్ చేస్తారురా?” అంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఏదైనా సినిమా పెట్టమంది. నేను ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ పెట్టాను. కాసేపు చూసి పకపకా నవ్వింది. “ఇది సైన్స్ ఫిక్షన్ కాదురా, మా ఆఫీసే! కోడ్ రాసినవాడు కేటీ ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. ప్రొడక్షన్‌లో పగిలింది. ఇప్పుడు వాణ్ణి వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారు.”

అప్పటికి ఆ సినిమా నేను రెండుసార్లు చూశాను. ఈ కోణం ఒక్కసారీ తట్టలేదు. ఆ మాట విన్నాక మూడోసారి చూస్తే వేరే సినిమా కనబడింది. ఆ కనబడినదాన్నే ఈ వ్యాసంలో మీతో పంచుకుంటున్నా. దారిలో కొంచెం ఫిజిక్స్ కూడా వస్తుంది. భయపడకండి, ఫస్టియర్ సిలబస్ దాటదు.

ఎందుకు మిస్సయ్యాం?

‘అంతరిక్షం’ 2018 డిసెంబర్ 21న విడుదలైంది. దర్శకుడు సంకల్ప్ రెడ్డి. వరుణ్ తేజ్, అదితి రావు హైదరీ, లావణ్య త్రిపాఠి, సత్యదేవ్ నటించారు. అదే రోజు ‘కేజీఎఫ్’ మొదటి భాగం వచ్చింది, ‘పడి పడి లేచె మనసు’ కూడా వచ్చింది. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ నెలంతా హాస్టళ్ళలో రాకీ భాయ్ డైలాగులే. అంతరిక్షంలోకి వెళ్ళిన మన తెలుగువాళ్ళని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

సంకల్ప్ రెడ్డికి మాత్రం అప్పటికే మంచి పేరుంది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఘాజీ’ ఆయన మొదటి సినిమా. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. హీరో ఇంట్రో పాట లేదు, ఫైటు లేదు, కథలో చాలా భాగం ఒక జలాంతర్గామి లోపలే. అయినా జనం చూశారు. అలాంటి దర్శకుడి రెండో సినిమా ఇది. దీన్ని ఇప్పటికీ చాలామంది “తెలుగులో గ్రావిటీ తీయబోయి తడబడ్డారు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. తడబాట్లు ఉన్నాయి, వాటి గురించీ చెప్తాను. కానీ ‘ఘాజీ’ వేయని ఒక ప్రశ్నని ఈ సినిమా వేసింది.

సర్వైవల్ సినిమా అంటే ఏంటి?

మామూలు యాక్షన్ సినిమాలో విలన్ ఒక మనిషి. వాణ్ణి కొట్టొచ్చు, బెదిరించొచ్చు, చివరికి మనసు మార్చొచ్చు. సర్వైవల్ సినిమాలో విలన్ ఒక నియమం. నీళ్ళ ఒత్తిడి, చలి, ఆకలి, అయిపోతున్న గాలి. వీటితో మాట్లాడలేం. కాబట్టి ఇలాంటి సినిమా బాగుండాలంటే ముందు ఆ నియమం ప్రేక్షకుడికి స్పష్టంగా అర్థం కావాలి.

‘ఘాజీ’లో ఈ పని అద్భుతంగా జరిగింది. మైన్ పేలాక ఎస్21 జలాంతర్గామి ముందుకి పోలేదు, వెనక్కి రాలేదు. పైకీ కిందకీ మాత్రమే కదలగలదు. అంతే. ఒక్క వాక్యంలో రూల్ చెప్పేశారు. ట్యాంకుల్లో నీళ్ళు నింపితే కిందకి, గాలితో ఆ నీళ్ళని తోసేస్తే పైకి. ప్రతి పది మీటర్ల లోతుకీ దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. ఆర్కిమిడీస్ సూత్రం తెలిసిన పదో తరగతి పిల్లాడికి కూడా ఉత్కంఠ అర్థమవుతుంది. మనలో చాలామంది ‘ఘాజీ’ని దేశభక్తి సినిమాగా గుర్తుపెట్టుకున్నాం. దాని ఇంజన్ మాత్రం సర్వైవల్ ఇంజనే.

‘అంతరిక్షం’లో రూల్స్ ఎక్కువ. కక్ష్య, వేగం, ఇంధనం, ఆక్సిజన్, టైమ్, అన్నీ ఒకేసారి వస్తాయి. సినిమా వాటిని విడమరిచి చెప్పకుండా పరుగెత్తింది. అందుకే చాలామందికి అక్కడ ఏం జరుగుతోందో అందలేదు. ఆ లోటు మనమే పూడ్చుకుందాం.

మిహిర మాట వినడం లేదు

కథ ఇది. మిహిర అనే ఉపగ్రహం అదుపు తప్పింది. కింద నుంచి ఏ కమాండ్ పంపినా స్పందించదు. దాన్ని సరిచేయకపోతే మిగతా ఉపగ్రహాలకి ప్రమాదం, ప్రపంచంలో కమ్యూనికేషన్ వ్యవస్థే కుప్పకూలొచ్చు. దాని ప్రోగ్రామింగ్ తెలిసినవాడు ఒక్కడే, దేవ్. అతను కొన్నేళ్ళ క్రితమే ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు. అతన్ని వెతికి తీసుకొస్తారు.

“ఇదంతా సినిమా కథ” అని కొట్టిపారేయకండి. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ 15 అనే కమ్యూనికేషన్ ఉపగ్రహం సరిగ్గా ఇలాగే కింద మాట వినడం మానేసింది. చచ్చిపోయి ఉంటే ఒక బాధ. అది చావలేదు. ట్రాన్స్‌మిటర్లు ఆన్‌లోనే ఉన్నాయి. తన స్థానం వదిలి, పక్క ఉపగ్రహాల స్థానాల మీదుగా మెల్లగా జరుగుతూ పోయింది. దాని సిగ్నల్ పక్కవాటి సిగ్నల్‌తో కలిసిపోతుందేమోనని ఆపరేటర్లు నెలల తరబడి ఎత్తులు పైఎత్తులు వేయాల్సొచ్చింది. పత్రికలవాళ్ళు దానికి ‘జాంబీ శాట్’ అని పేరు పెట్టారు. ఆ డిసెంబర్‌లో దాని బ్యాటరీ పూర్తిగా అయిపోయి, కంప్యూటర్ రీసెట్ అయ్యింది. ఆ తర్వాత బుద్ధిగా కమాండ్లు తీసుకోవడం మొదలుపెట్టింది. మనం హాస్టల్ రౌటర్‌కి చేసే వైద్యమే.

మరి ఢీకొనడం? అదీ జరిగింది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో, పనిచేస్తున్న ఇరీడియం 33, ఎప్పుడో మూలపడ్డ రష్యా కాస్మోస్ 2251 గుద్దుకున్నాయి. నేల మీద నుంచి గుర్తించగలిగినంత పెద్ద ముక్కలే రెండు వేలకు పైగా పుట్టాయి. ముక్కలు ఇంకో ఉపగ్రహాన్ని గుద్ది మరిన్ని ముక్కలు, అవి ఇంకోదాన్ని. ఈ గొలుసుకట్టు ప్రమాదం గురించి డొనాల్డ్ కెస్లర్ 1978లోనే రాశాడు. సినిమా చూపించిన భయం వెనక ఉన్నది ఇదే.

ఇక్కడ సినిమా కొంచెం పెంచి చెప్పిందని ఒప్పుకోవాలి. ఒక్క ఉపగ్రహం దారి తప్పితే కొద్ది రోజుల్లో ప్రపంచమంతా మూగబోదు. కెస్లర్ చెప్పిన గొలుసు సాగడానికి ఏళ్ళు, దశాబ్దాలు పడుతుంది. పెంచినా, దిక్కు మాత్రం తప్పు కాదు.

9000 అంటే ఎంత?

టైటిల్‌లోనే ఉంది కదా అని ఈ అంకెని తేలిగ్గా తీసుకుంటాం. ఒకసారి లెక్క వేద్దాం.

గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన 10 టన్నుల బస్సు గంటకి 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది అనుకోండి. 9000 దానికి వంద రెట్లు. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వంద రెట్ల వేగానికి పదివేల రెట్ల శక్తి. అంటే గంటకి 9000 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఒక్క కిలో లోహపు ముక్క, ఆ నిండు బస్సంత శక్తితో వచ్చి గుద్దుతుంది. బస్సు ఎదురొస్తే కనీసం కనిపిస్తుంది. ఇది కనిపించను కూడా కనిపించదు.

ఇంకో చిత్రం. అంతరిక్షం లెక్కలో 9000 నిజానికి మందకొడి వేగం. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వేగం గంటకి సుమారు 27,600 కిలోమీటర్లు. 35,786 కిలోమీటర్ల ఎత్తున్న భూస్థిర కక్ష్యలో టీవీ ఉపగ్రహాల వేగం సుమారు 11,000. గంటకి 9000 వేగంతో వృత్తాకార కక్ష్యలో తిరగాలంటే సుమారు 57,000 కిలోమీటర్ల ఎత్తుకి పోవాలి. ఎంత ఎత్తుకి పోతే అంత నెమ్మది.

దీనివల్లే అంతరిక్షంలో ఒక వస్తువుని పట్టుకోవడం మన బుర్రకి అంత సులభంగా ఎక్కదు. ముందున్న బండిని అందుకోవాలంటే రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కుతాం. కక్ష్యలో అలా తొక్కితే పై కక్ష్యకి పోతాం, అక్కడ ఇంకా నెమ్మదిస్తాం, ముందున్నది ఇంకా దూరమైపోతుంది. 1965 జూన్‌లో జెమిని 4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ తమ రాకెట్ వాడిపడేసిన భాగాన్ని ఇలాగే అందుకోబోయి, ఇంధనం ఖర్చయ్యిందే తప్ప దగ్గరికి పోలేక వదిలేశాడు. ముందున్నదాన్ని పట్టుకోవాలంటే ముందు నెమ్మదించాలి, కిందకి దిగాలి, అక్కడ వేగం పుంజుకుని మళ్ళీ పైకి రావాలి.

1984 ఏప్రిల్‌లో చాలెంజర్ షటిల్ వ్యోమగాములు చెడిపోయిన ‘సోలార్ మాక్స్’ ఉపగ్రహాన్ని కక్ష్యలోనే రిపేరు చేశారు. అలాంటి పని అదే మొదటిసారి. అది కూడా ఒక్క దెబ్బకి కాలేదు. మొదటి ప్రయత్నంలో దాన్ని పట్టుకునే పరికరం బిగుసుకోలేదు. వ్యోమగామి చేత్తో సోలార్ ప్యానల్ పట్టుకుని ఆపబోతే ఉపగ్రహం ఇంకా గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. రెండు రోజుల తర్వాత రోబో చేయితో అందుకున్నారు. ‘అంతరిక్షం’లో మిహిర దగ్గరి సన్నివేశాలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. అక్కడి మెల్లటి కదలికలు మనకి బోరు కొట్టొచ్చు. ఆ మెల్లదనమే అక్కడ బతికించేది.

గాలీ, ఇంధనం: పంచుకు తినే చద్దిమూట

మిహిర పని అయ్యాక కథ అయిపోవాలి. అయిపోదు. దేవ్ మనసులో ఇంకో పేరుంది: విప్రయాన్. చంద్రుడి కోసం అతను ఎప్పుడో పంపిన ఉపగ్రహం. దాని సంబంధాలు తెగిపోయాయి. దాదాపు అదే సమయంలో ప్రేమించిన పార్వతినీ కోల్పోయాడు. ఆ రెండు గాయాలతోనే ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు పైకి వచ్చాక, ఉన్న ఇంధనంతో, ఉన్న ఆక్సిజన్‌తో విప్రయాన్ వైపు పోదామంటాడు. నౌకలో అతను ఒక్కడే లేడు.

సినిమా అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఈ అడిగినదాని ఖరీదు ఎంతో చూద్దాం.

ముందు గాలి. మామూలుగా ఒక మనిషికి రోజుకి సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. ఇది తేలిగ్గానే కనిపిస్తుంది. అదే మనిషి రోజుకి సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మూసిన గదిలో ఆక్సిజన్ అయిపోకముందే ఈ కార్బన్ డయాక్సైడ్ ప్రాణం తీస్తుంది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకు భూమికి 3 లక్షల కిలోమీటర్లకి పైగా దూరంలో పేలింది. ముగ్గురూ చంద్రుడి మీద దిగాల్సిన చిన్న నౌకలోకి దూరారు. అది ఇద్దరి కోసం చేసినది. ఆక్సిజన్ సరిపోయింది. కార్బన్ డయాక్సైడ్ పీల్చే డబ్బాలు సరిపోలేదు. పెద్ద నౌకలో డబ్బాలున్నాయి గానీ అవి చతురస్రం, చిన్న నౌకలో రంధ్రాలు గుండ్రం. ప్లాస్టిక్ సంచులు, కార్డుబోర్డు, గొట్టాలు, టేపుతో ఆ రెండింటినీ కలపాల్సొచ్చింది. ఎలా కలపాలో కింద ఇంజనీర్లు ముందు తాము చేసి చూసి, తర్వాత ఒక్కో స్టెప్పూ రేడియోలో చదివి వినిపించారు. అక్క విని ఉంటే “అదీ కేటీ అంటే” అనేది.

తర్వాత ఇంధనం. 1903లో సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన రాకెట్ సమీకరణం కఠినమైనది. మామూలుగా నిల్వ ఉండే ఇంధనం వాడే ఇంజన్లలో వాయువు సెకనుకి సుమారు 3.1 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తుంది. తక్కువ ఎత్తు భూకక్ష్య నుంచి చంద్రుడి దారి పట్టడానికి నౌక వేగం కూడా సుమారు సెకనుకి 3.1 కిలోమీటర్లు పెరగాలి. రెండూ సమానమైనప్పుడు సమీకరణం ప్రకారం బరువు 2.718వ వంతుకి పడిపోతుంది. 100 టన్నుల నౌక బయల్దేరితే, 63 టన్నులు కాలిపోయి, 37 టన్నులు మిగులుతుంది. చంద్రుడి దగ్గర ఆగడానికి ఇంకొంత, ఇంటి దారి పట్టడానికి ఇంకొంత కాల్చాలి. చివరికి సుమారు 20 టన్నులే మిగులుతుంది. ఇంకా ప్రయాణం, వెళ్ళడానికే దాదాపు మూడు రోజులు.

అంటే ఉపగ్రహం రిపేరుకని బయల్దేరిన నౌకని “కాస్త చంద్రుడి దాకా పోనిద్దాం” అనడం, ఆఫీసు క్యాబ్ డ్రైవర్‌ని లింగంపల్లి బదులు శ్రీశైలం తీసుకెళ్ళమనడం లాంటిది. ఒక తేడా ఉంది. దారిలో పెట్రోల్ బంకులు లేవు, వెనక సీట్లలో ఇంకా మనుషులున్నారు.

ఫిజిక్స్ పరంగా సినిమా ఇక్కడ చాలా స్వేచ్ఛ తీసుకుంది. ఆ మేరకు విమర్శకులు అన్నది నిజం. నాకు మాత్రం ఈ అసాధ్యం కన్నా, ఆ కోరిక కోరే హక్కు దేవ్‌కి ఉందా అన్న ప్రశ్న ముఖ్యం అనిపించింది.

నిజంగా తప్పిపోయిన విప్రయాన్

దేవ్ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. మనకీ ఒక విప్రయాన్ ఉండేది.

చంద్రయాన్ 1 ని 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి పంపారు. రెండేళ్ళు పనిచేయాలి. 2009 ఆగస్టు 29న సంబంధాలు తెగిపోయాయి. అప్పటికి 312 రోజులు. మరుసటి నెలలోనే, అది అప్పటికే పంపిన సమాచారంతో చంద్రుడి మీద నీటి అణువుల ఆనవాళ్ళు ఉన్నాయని ప్రకటించారు. మనిషి పోయాక అతని ఉత్తరం చేరినట్టు.

ఉపగ్రహం మాత్రం ఏమైందో తెలియకుండా ఏళ్ళు గడిచాయి. దాని సైజు ఎంతనుకున్నారు? పక్కకి ఒకటిన్నర మీటర్లు ఉండే పెట్టె. మన హాస్టల్ మంచం కన్నా చిన్నది. 2016 జూలైలో నాసా శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ నుంచి 70 మీటర్ల యాంటెన్నాతో చంద్రుడి ధ్రువం వైపు రాడార్ తరంగాలు పంపి, ప్రతిధ్వనిని పశ్చిమ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపుతో పట్టుకున్నారు. చంద్రుడికి సుమారు 200 కిలోమీటర్ల ఎత్తులో మన చంద్రయాన్ ఇంకా మౌనంగా తిరుగుతూనే ఉంది. ఈ సంగతి 2017 మార్చిలో ప్రపంచానికి చెప్పారు.

నాకైతే ఈ వార్త చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. దేవ్ ఎందుకు పోదామన్నాడో అప్పుడు అర్థమైంది. తాను చేసిన వస్తువు ఎక్కడో చీకట్లో తిరుగుతోంది, జనం అది విఫలమైందంటున్నారు, తనకి మాత్రం దాన్లో ఏదో మిగిలుందని నమ్మకం. ఆ బాధ ఏదో ఒకటి తయారుచేసిన ప్రతి ఇంజనీరుకీ తెలుస్తుంది.

కానీ గమనించండి. నిజం చంద్రయాన్‌ని వెతకడానికి ఎవరి ఆక్సిజనూ ఖర్చు చేయలేదు.

ఆక్సిజన్ ఎవరిది?

‘ఘాజీ’లో కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్ కూడా తన సిబ్బంది ప్రాణాలు పణంగా పెడతాడు. కానీ అది యుద్ధం. ఓడ ఎక్కిన ప్రతివాడూ అందుకు సిద్ధపడే ఎక్కాడు. ‘అంతరిక్షం’లో నౌక ఎక్కినవాళ్ళు మిహిర కోసం ఎక్కారు. విప్రయాన్ దేవ్ సొంత బాకీ. తన బాకీ తీర్చుకోవడానికి పక్కవాడి చద్దిమూట విప్పొచ్చా?

సర్వైవల్ సినిమాలు మామూలుగా “వీళ్ళు బతుకుతారా?” అని అడుగుతాయి. ఈ సినిమా దాంతోపాటు “ఈ ప్రమాదం తెచ్చింది ఎవరు?” అని కూడా అడుగుతుంది. మొదటి ప్రమాదం మిహిర. దేవ్ తప్ప దాన్ని సరిచేసేవాళ్ళు లేకపోవడం వల్ల అది అంత పెద్దదైంది. రెండో ప్రమాదాన్ని నేరుగా దేవే కోరి తెచ్చాడు. రెండింటి వెనకా ఒకే మనిషి. తనకి తెలిసింది తన దగ్గరే పెట్టుకున్నవాడు, తన బాధని కూడా తన దగ్గరే పెట్టుకున్నవాడు.

సినిమా మీద నా ఫిర్యాదు ఇక్కడే. ఈ ప్రశ్న వేసి, దాన్ని చివరిదాకా నిలబెట్టలేదు. దేవ్‌ని హీరోని చేయాలన్న తొందరలో త్వరగా క్షమించేసింది. పార్వతితో ప్రేమకథ విడిగా చూస్తే బాగుంటుంది గానీ, గడియారం పరుగెడుతున్న కథలో దాన్ని పెట్టిన చోట ఊపిరి తీసుకోవడానికి కాకుండా గడియారం ఆపడానికి పనికొచ్చింది. పై నౌకలో మిగతావాళ్ళ కోపానికి ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే, ఈ సినిమా స్థాయి వేరుగా ఉండేది.

ఇంత ఖచ్చితంగా ఎందుకు మాట్లాడుతున్నానంటే, చిన్న స్కేల్‌లో నేనూ దేవ్‌నే.

పోయిన ఏడాది మా మైనర్ ప్రాజెక్టులో సెన్సర్ల నుంచి డేటా చదివే భాగం మొత్తం నేనే రాశాను. కామెంట్లు లేవు, డాక్యుమెంట్ లేదు. ఫ్రెండ్ అడిగినప్పుడల్లా “తర్వాత చెప్తాలేరా” అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే, అది నాకు ఒక్కడికే తెలుసన్న ఫీలింగ్ బాగుండేది. రివ్యూకి మూడు రోజుల ముందు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడ్డాను. రివ్యూ రోజు బోర్డు డేటా పంపడం మానేసింది. మావాడు నాకు పదకొండు సార్లు ఫోన్ చేశాడు. నా ఫోన్ అమ్మ దగ్గర సైలెంట్‌లో ఉంది. ప్యానెల్ ముందు వాడు ఒక్కడే నిలబడి “సార్, ఆ పార్ట్ నాకు తెలీదు సార్” అని చెప్పుకున్నాడు. మార్కులు పోయాయి, అవి నాకూ పోయాయి కాబట్టి సరే. ఆ నిలబడటం మాత్రం వాడొక్కడిదే. సమస్య ఏంటంటే, ఒక వైరు పేరు కోడ్‌లో తప్పు రాసి, దాన్ని నేను బుర్రలో గుర్తుపెట్టుకున్నాను. ఒక్క లైను కామెంట్ చాలు.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆసుపత్రికి బొప్పాయి పళ్ళు తెచ్చాడు. అందుకే ఇంకా గుర్తుంది.

ఇప్పుడు మళ్ళీ చూడండి

ఈ సినిమాలో సంగతులు మనకి దూరం అనుకోకండి. ఉపగ్రహాల నుంచి వచ్చే చిత్రాలని అందుకునే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన బాలానగర్‌లో ఉంది, దాని గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది. 2022 నవంబర్ 18న ఆకాశంలోకి వెళ్ళిన, భారత ప్రైవేటు రంగంలో మొదటి రాకెట్ విక్రమ్ ఎస్ ని తయారుచేసిన స్కైరూట్ మన హైదరాబాద్ కంపెనీయే. మనలో కొందరు రేపు అలాంటి చోట పనిచేస్తారు. ఇంకా చాలామంది మైండ్‌స్పేస్ దగ్గరో నానక్‌రామ్‌గూడలోనో ఏదో ఒక టవర్‌లో కూర్చుంటారు. రెండు చోట్లా రాత్రి రెండింటికి ఏదో ఒకటి పగులుతుంది.

వచ్చే శనివారం మన క్లబ్ రూమ్‌లో ప్రొజెక్టర్ మీద ‘అంతరిక్షం’ వేద్దామనుకుంటున్నాం. చూసేటప్పుడు మూడు విషయాలు గమనించండి.

ఒకటి: దేవ్ రాకముందు మిహిర గురించి మిగతా శాస్త్రవేత్తలకి ఎంత తెలుసు? వాళ్ళకి తెలియకపోవడం ఎవరి తప్పు, దేవ్‌దా, ఒక్కడి మీదే అంత బరువు పెట్టిన సంస్థదా?

రెండు: విప్రయాన్ మాట వచ్చినప్పుడు దేవ్ మొహం కాదు, పక్కవాళ్ళ మొహాలు చూడండి. ముఖ్యంగా సత్యదేవ్‌ని, అదితిని.

మూడు: మీరు ఆ నౌకలో ఉంటే ఒప్పుకునేవాళ్ళా? ఎందుకు? సినిమా అయ్యాక దీని మీదే మాట్లాడుకుందాం. ముగింపు నేను చెప్పను.

ఆ రాత్రి సినిమా అయ్యేసరికి పన్నెండు దాటింది. బాల్కనీ లోంచి చూస్తే ఆఫీసు టవర్లలో ఇంకా లైట్లు వెలుగుతున్నాయి. అక్క లాప్‌టాప్ మళ్ళీ తెరిచింది. “ఇప్పుడేంటక్కా, పడుకో” అన్నాను. “పొద్దున చెప్పినప్పుడు ఒక పాస్‌వర్డ్ మార్చే పద్ధతి చెప్పడం మర్చిపోయారా. రాసిపెట్టేస్తే నిద్ర పడుతుంది” అంది.

నేను పక్కన కూర్చుని నా ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచాను. ఆ సెన్సర్ ఫైలు పైన, ఏడాది ఆలస్యంగా, నాలుగు లైన్ల కామెంట్ రాశాను. ఫైలు మావాడికి పంపాను. పొద్దున రిప్లై వచ్చింది: “ఇప్పుడెందుకురా?” ఒక నవ్వు బొమ్మ పెట్టి, “సినిమా చూశాను” అన్నాను.